పేరమ్మ తిరిగిచ్చిన పూస

పోయిన వారం కెజియాను సూదుల గదిలో, బల్లమీద తల వాల్చి కూర్చున్నదాన్ని అట్లాగే వదిలి వచ్చాం. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే గుండె కాస్త తేలికపడేదేమో.

సముద్రం ఒడ్డున బతికే ఆడవాళ్ల భుజాల్లో, నడుముల్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసుకున్న నొప్పులకు ఆక్యుపంక్చర్ సూదులు నిజంగా పనిచేస్తాయా, లేదా అని తేల్చడానికి ఆమె మొదలుపెట్టిన పరిశోధన ముగిసింది. సగంమందికి నిజం సూదులు పెట్టారు. మిగతా సగానికి గుచ్చుకోని సూదులు. అవి చర్మం మీద నిలబడతాయి, తాకినట్టే ఉంటాయి, కానీ మొన పిడిలోకి వెనక్కి జారిపోతుంది, నాటకాల వాళ్ల కత్తిలాగా. ఎవరికి ఏవి పడుతున్నాయో ఆ ఆడవాళ్లకు తెలియకూడదు, కెజియాకూ తెలియకూడదు. తెలిసింది ఇద్దరికే. ఒకడు కావలి ఊరునుంచి వచ్చి సూదులు పెట్టే కుర్రాడు ఫ్రెడ్డీ. రెండో ఆయన నెల్లూరు నుంచి ఈ పనికి పెద్దదిక్కుగా ఉన్న డాక్టర్ చంద్రమౌళి. తీరా చూస్తే రెండు గుంపులకూ నొప్పి ఒకేలా తగ్గింది. గుచ్చినా అంతే, గుచ్చకపోయినా అంతే.

ఇంకొకరైతే "సరే, తేలింది కదా" అని చేతులు దులుపుకునేవాళ్లు. కెజియా దులుపుకోలేదు. ఆ గది గోడమీద, కిటికీ పక్కన, ఉప్పుగాలికి అంచులు పసుపెక్కిన ఫోటోలో ఉన్నది ఆమె నాయన క్రీస్తురాజు. చర్చి ఆస్పత్రి కాంపౌండరు. మద్రాసు పోయి సూదుల వైద్యం నేర్చుకొచ్చి, ఈ ఒడ్డు జనానికి ఈ గదిలోనే సూదులు పెట్టిన మనిషి. నాయన చేతిలో ఉన్నది నిజమేనని లోకం ముందు పెట్టాలనే కెజియా ఇంత చదువూ చదివింది. ఇప్పుడు ఆ చదువే వచ్చి, నీ నాయన జీవితమంతా గుచ్చింది ఉత్తదే అమ్మాయీ అంటోంది.

తల్లి ఎలిశబెతు మొదటినుంచీ వద్దంటూనే ఉంది. "ఆ గది జోలికి పోవద్దే కెజియా. ఆయనతోనే పోయింది ఆ పని" అని. భర్త పోయినాక ఆమె ఈ గది గడప తొక్కలేదు. కూతురికి అన్నం క్యారియర్ మాత్రం రోజూ ఆటోలో పంపిస్తుంది.

చంద్రమౌళి గారు ఈ పూట వస్తారు. ఏ గుంపుకు నిజం సూదులు పడ్డాయో అందరి ముందూ చెప్పి, ఈ పనికి ముగింపు పలుకుతారు. పలికేదేముంది? రెండూ ఒకటే అయినాక ఏది ఏదైతే ఏం?

కెజియా అట్లా కూర్చుని ఉండగా వరండాలోంచి గొంతు వినబడింది.

"మ్మే కెజియమ్మా! లోపలుండావా, దేవుడి కాడికి పోయినావా?"

పట్టపుపాలెం పేరమ్మ గొంతు. చేపలు కొనే ఇల్లాళ్లలో ఆ గొంతు తెలియనివాళ్లు ఇందుకూరుపేటలో లేరు. వయసులో ఉన్నప్పుడు గంప నెత్తిన పెట్టుకుని "కానాగంతలో, నెత్తళ్లో" అని కేకేస్తే వీధి చివర పిల్లులు కూడా లేచి కూర్చునేవి. ఇప్పుడు గంప పోయి ప్లాస్టిక్ టబ్బు వచ్చింది. నడక పోయి ఆటో వచ్చింది. గొంతు మాత్రం అదే.

"రా అత్తా."

పేరమ్మ ఖాళీ టబ్బు గడప పక్కన బోర్లించి లోపలికొచ్చింది. చీర అంచు ఇంకా తడిగానే ఉంది. ఆమెతోపాటు చేపల వాసన, దాని వెనక రొంటిలోని పొగాకు వాసన వచ్చాయి. ఆ రెండూ కలిసిన వాసన తగిలితే చాలు, కెజియాకు బల్ల కింద కూర్చుని దూదితో బొమ్మలు చేసుకున్న చిన్నతనం గుర్తొస్తుంది. గురువారం పూట ఈ గది సంతలాగా ఉండేది. నాయన ఎవరొచ్చినా ముందు నొప్పి సంగతి అడిగేవాడు కాదు. "సముద్రం ఎట్లుండాది ఈ పొద్దు?" అని అడిగేవాడు. వాళ్లు అలల సంగతి, గాలి సంగతి, తెగిన వల సంగతి, తాగొచ్చిన మొగుడి సంగతి చెప్పుకుంటూ పోతుంటే, ఆయన బొటనవేలు వాళ్ల వీపుమీద ఏదో పోగొట్టుకున్నది వెతుకుతున్నట్టు మెల్లగా తిరిగేది. ఒకచోట ఆగేది. తర్వాత స్పిరిటు వాసన. ఆ తర్వాత సూది.

"ఏందమ్మే, మొగం అట్ట ఏలాడేసినావు? నీ పరీక్షలో నువ్వే తప్పినావా ఏంది?"

"అట్లాంటిదే అత్తా."

"పోతే పోయిందిలే. పదో తరగతి తప్పినోళ్లే రొయ్యల గుంతలు పెట్టి కార్లలో తిరగతా ఉండారు. ఇదిగో, నీ సొమ్ము నీకిచ్చేస్తా. మళ్లీ పేరమ్మ ఎగేసిందని అనేవు."

పేరమ్మ అరచెయ్యి చాపింది. దారానికి కట్టిన నీలం గాజుపూస.

కెజియా దాన్ని తీసుకోబోయి ఆగింది.

ఇక్కడ ఈ పూస సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎవరు ఏ గుంపులో ఉండాలో కంప్యూటరు తేలుస్తుందని చంద్రమౌళి అన్నప్పుడు ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "ఆ డబ్బాకి మేమెవురో ఏం తెలుసు?" అన్నారు. అప్పుడు కెజియాకు ఒడ్డున పోగులు వేయడం గుర్తొచ్చింది. అలివి వల లాగి చేపలు ఇసకమీద పోశాక, వాటాలకు తగ్గట్టు పోగులు పెడతారు. ఆ పడవలో వాటా లేని ఇంటి చిన్నబిడ్డను తెచ్చి, పోగులకు వీపు చేసి నిలబెడతారు. వెనకనుంచి ఒకాయన ఒక్కో పోగు మీద కర్ర ఆనించి "ఇదెవురికి?" అంటాడు. బిడ్డ చూడకుండా ఒక పేరు చెబుతుంది. ఆ పోగు వాళ్లది. పక్షపాతమనే మాటకు చోటు లేదు. కెజియా చిన్నప్పుడు ఆ బిడ్డ ఎక్కువసార్లు తనే. "కాంపౌండరయ్య బిడ్డని పిలవండ్రా" అనేవాళ్లు. పొద్దుటి ఎండ వీపున కొడుతుంటే, వెనక సముద్రం ఘోష పెడుతుంటే, కళ్లు గట్టిగా మూసుకుని "చిన్నపోలయ్య మామకి... కామమ్మత్తకి..." అని గొంతెత్తి చెప్పడం. అంతమంది పెద్దవాళ్లు తన నోటి మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడటం. ఆ తర్వాత చదివిన ఏ చదువులోనూ ఆమెకు అంత గొప్ప అనిపించలేదు.

ఆ పద్ధతే పెట్టింది. అట్లాగే పేర్లు పిలిపించి, ఒక గుంపుకు గవ్వ, ఇంకో గుంపుకు పూస ఇచ్చింది. తలుపు దగ్గర గవ్వ చూపిస్తే ఫ్రెడ్డీ ఒకరకం సూది తీస్తాడు, పూస చూపిస్తే ఇంకోరకం. ఏది ఏదో ఫ్రెడ్డీ, చంద్రమౌళి కలిసి అనుకున్నారు. చంద్రమౌళి ముచ్చటపడి, "ఇంతకంటే నికార్సయిన పద్ధతి నా పుస్తకాల్లో లేదమ్మా" అని మెచ్చుకున్నాడు కూడా.

"అత్తా, నీకు పడింది గవ్వ గదా."

"అవును, గవ్వే."

"ఇది పూస."

"పూసే. నాకేమన్నా కండ్లు కనపడవా?"

"మరి గవ్వ ఏమైంది?"

"గవ్వ విజయకుమారి కాడ ఉండాది." పేరమ్మ వరండావైపు తిరిగింది. "మ్మేయ్ విజయా, నీ కాడ ఉండేది తెచ్చియ్యే. అమ్మాయి అడగతా ఉండాది."

వరండాలో కూర్చున్న ఆడవాళ్లలో ఒక నవ్వు లేచి, లేచినంత వేగంగా అణిగిపోయింది. రొయ్యల తలలు తీసే షెడ్డులో వంగి వంగి నడుం పట్టేసిన విజయకుమారి తలుపు సందులోంచి మొహం పెట్టింది.

"చెప్పేసినావా అక్కా! నీ నోట్లో నువ్వుగింజ నానదు గదా."

కెజియా లేచి నిలబడింది. "ఏం జరిగిందో నాకు సక్రమంగా చెప్పండి."

"ఏం జరిగుండాది? మార్చుకున్నాం" అంది పేరమ్మ, కూరాకు ఇచ్చి పుచ్చుకున్నంత తేలిగ్గా. "మొదటి పొద్దే తెలిసిపోయింది మాకు. ముందు కామమ్మొదిన గవ్వ తీసుకుని లోపలికి పోయింది. వచ్చి 'చీమ కుట్టినట్టు కుట్టింది, ఇప్పుడు ఈపంతా బరువుగా ఉండాది' అనింది. పూస తీసుకుపోయిన ఆమె వచ్చి 'నాకేం కుట్టలా' అనింది. ఇంకొకామె పోయింది, అంతే. ఇంకేం తెలవాల? గవ్వకి పండ్లుండాయి, పూసకి లేవు."

"అప్పుడే నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితే గదా? నొప్పి యాడ, ఎంత, నిద్ర పడతా ఉండాదా, ఇయ్యే అడిగినావు. గవ్వ ఎవురి కాడ ఉండాదని ఒక్కనాడన్నా అడిగినావా?"

"ఫ్రెడ్డీ గుర్తుపట్టలేదా?"

"ఆ పిలగాడా?" విజయకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆయన మా మొగాలు చూస్తాడా పాడా. గవ్వ చూస్తాడు, ఈపు చూస్తాడు. 'ఎక్కడ?' అంటాడు. అంతకుమించి నోట్లోంచి మాట ఊడిపడితే ఒట్టు."

అది ఫ్రెడ్డీ తప్పు కాదు. కెజియా పెట్టిన కట్టుబాటు. మాట కూడా మందులాగా పనిచేస్తుంది కాబట్టి, సూది పెట్టేవాడు మాట్లాడకూడదు, పేరు కూడా అడగకూడదు అని ఆమే గట్టిగా చెప్పింది.

"ఆయన మాట్లాడకపోతే మాకు తోచొద్దా?" అంది పేరమ్మ. "అందుకని మేమే ఒగరితో ఒగరం మాట్లాడుకుంటా కూర్చునేవాళ్లం. ఎవురి నొప్పి ఎంతుండాదో అట్ట తెలిసేది. ఆ పొద్దు ఎవురికి ఎక్కువుంటే వాళ్లకి గవ్వ. నేనైతే మొదటి పొద్దే నా గవ్వ విజయకిచ్చేసినా. పాపం, నడుం ఎత్తలేకుండా ఉండె. దాని పూస నేను పుచ్చుకున్నా."

"వాటా పడింది పడినట్టు ఉండాలి అత్తా! ఒడ్డున పోగులు పడినట్టు..."

"ఒడ్డున?" పేరమ్మ విచిత్రంగా చూసింది. "ఒడ్డున మార్చుకోరా? పోగులు పడినాకే గదమ్మే అసలు పని. ఎవురింట్లో బాలింత ఉంటే వాళ్లకి మంచి పోగిచ్చి మనం నెత్తళ్ల పోగు తీసుకుంటాం. మొగుడు మంచాన ఉండే దాని పోగులో గంపలెత్తే లోపల తలా ఒక చేప పడేస్తాం. పేరు పిలిచేది తగువు రాకుండా. మార్చుకునేది మనుషులం గాబట్టి. నువ్వే గదా పేర్లు పిలిచినదానివి, నీకు తెలవదా?"

కెజియాకు తెలియదు. ఎట్లా తెలుస్తుంది? ఆఖరి పేరు నోట్లోంచి రాగానే నాయన వచ్చి ఎత్తుకునేవాడు. "బడికి పొద్దయింది తల్లీ" అనేవాడు. ఆయన భుజంమీదినుంచి వెనక్కి చూస్తే జనమంతా పోగుల మీదికి వంగి కనిపించేవాళ్లు. వాళ్లేం చేస్తున్నారో ఆమె ఎప్పుడూ అడగలేదు. తన పేర్లతో పని అయిపోయిందనే ఇన్నేళ్లూ అనుకుంది. తనకు గుర్తున్నది ఆచారంలో సగం. తన గొంతు వినబడిన సగం.

పేరమ్మ అరచేతిలోని పూసను తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. ఆ తర్వాత మెల్లగా, బాగా మెల్లగా, గుండెల్లో ఏదో విచ్చుకోవడం మొదలైంది. వీళ్లు మార్చుకున్నారు. అంటే రెండు గుంపులూ ఎప్పుడో కలిసిపోయాయి. కలిసిపోయిన వాటికి నొప్పి ఒకేలా తగ్గక ఇంకెట్లా తగ్గుతుంది? పరీక్ష చెడిపోయింది. చెడిపోయిన పరీక్ష ఎవరినీ ఓడించలేదు. నాయన సూది ఓడిపోలేదు!

"నా తల్లివి అత్తా నువ్వు!" అని పేరమ్మను వాటేసుకుంది.

"వదులమ్మే, వదులు! నీసు వాసన. నీ తెల్లకోటు పాడైపోతాది" అంటూ పేరమ్మ ఆమెను విడిపించుకుని, చెదిరిన ముడి సరిచేసుకోవడానికి కుడిచెయ్యి తలమీదికి ఎత్తింది.

ఎత్తింది. అలవోకగా, పైదాకా. పరిశోధన మొదలైన రోజున, వయసు మీదపడి మళ్లీ బిగుసుకున్న ఆ చెయ్యి రవికె మెడ దాటి పైకి లేవలేదు. కెజియా నవ్వు మొహంమీదే ఆగిపోయింది.

"అత్తా, నువ్వు మొదటి రోజే గవ్వ ఇచ్చేసినావు."

"ఇచ్చేసినా."

"ఆ తర్వాత మళ్లీ తీసుకోలేదా?"

"నేనెందుకు తీసుకుంటా? సూదంటే నాకు బయం."

"నీకు బయమా? నాయన దగ్గర గుచ్చించుకున్నదానివి, ఈ ఒడ్డంతా చెప్పుకునేది నీ సంగతే గదా!"

అవును. పేరమ్మ చెయ్యి లేచిన వైనం ఈ ఒడ్డున పిల్లలకు కూడా తెలుసు. గంపలు మోసి మోసి భుజం బిగుసుకుపోయి, అన్నం ముద్ద ఎడమచేత్తో తినే గతి పట్టిన పేరమ్మను నలుగురు ఆడవాళ్లు ఈ గదికి తెచ్చారు. క్రీస్తురాజు సూదులు పెట్టాడు. కాసేపటికి "చెయ్యెత్తు పేరమ్మా" అన్నాడు. ఎత్తింది. కిటికీ దగ్గర గుమిగూడిన జనం హోరుమన్నారు. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు ఆ ఆదివారం దాని గురించే ప్రార్థన చేశారు. ఆ గురువారం నుంచే ఈ గదికి సూదుల గది అని పేరొచ్చింది. కెజియా బల్ల కిందినుంచి చూసింది: ముందు పేరమ్మ కాళ్లు, తర్వాత పైకి లేస్తున్న బోసి చెయ్యి, ఆ తర్వాత బెంచీమీద కూలబడిన నాయన తడికళ్లు. తన పరిశోధనకు అనుమతి అడుగుతూ రాసిన మొదటి వాక్యమే పేరమ్మ చెయ్యి గురించి.

పేరమ్మ వరండావైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేసింది. వచ్చి బెంచీమీద కూర్చుంది. గొంతు తగ్గించింది. పేరమ్మ గొంతు తగ్గడం కెజియా ఎన్నడూ వినలేదు.

"మీ నాయన నాకు గుచ్చలేదమ్మే."

కెజియా వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"బళ్లో పిల్లకాయలకి సూదులేసేవోళ్లు వస్తే సరుగుడు తోపులో పడి దాక్కునేదాన్ని నేను. ఆ పొద్దు ఆయన చేతిలో సూది చూస్తానే వణికిపోయినా. 'అయ్యా, చెయ్యి పోతే పాయె, గుచ్చబాకయ్యా' అని ఎవురికీ ఇనపడకుండా బతిమాలుకున్నా. ఆయన నవ్వి, నా చెవికాడికి వంగినాడు. 'సరేలే పేరమ్మా, గుచ్చనులే. కిటికీ కాడ జనముండారు, గుచ్చినట్టు కదలకుండా కూర్చో. కాసేపు ఉండి పో' అన్నాడు. సూది దూర్చే ఉత్త గొట్టం ఒకటి బుజానికి ఆనించి పట్టుకున్నాడు. 'సముద్రం ఎట్లుండాది?' అన్నాడు. నేను ఏమేమో చెప్పినా. మా ఆయన పోయిన ఏడు అది. ఎవురికీ చెప్పుకోనిదంతా చెప్పినా. ఏడ్చినా కూడా. ఆయన గొట్టం తియ్యలా, బొటనేలు తియ్యలా. కడాకి ఎగతాళికే అన్నట్టు 'ఏదీ, ఎత్తు చూద్దాం' అన్నాడు. లేచింది."

"ఆయన..."

"ఆయన మొగం చూడాల ఆ పొద్దు! నాకంటే ఆయనే బెదిరిపోయినాడు. ఇదో, ఈ బెంచీమీదే కూలబడినాడు. జనమంతా, నువ్వూ పోయినాక, 'పేరమ్మా, ఇది ఎవురికీ చెప్పబాక. ఇన్నాళ్లూ నేను గుచ్చింది దేనికో నాకే అర్థం కాకుండా పోయింది' అన్నాడు. ఆయన బతికుండగా చెప్పలా. పోయినాకా చెప్పలా. నువ్వు ఆ ఫోటో కింద తల ఆనించుకోని ఉంటే చూడలేకపోయినా."

కిటికీలోంచి రొయ్యల గుంతల ఏరేటర్ల చప్పుడు వినబడుతోంది. నీళ్లను ఊరికే కొడుతూ, కొడుతూ. కెజియా ఫోటోవైపు చూసింది. అది సంతోషపు కన్నీరనే ఆమె ఇన్నేళ్లూ అనుకుంది.

అప్పుడే బయట కారు ఆగింది. ఇద్దరూ తలుపు తీసి వరండాలోకి వచ్చారు.

చంద్రమౌళి గారు పెద్దమనిషి. మాట పొదుపు. నోట్లో ఎప్పుడూ నాలుగు సోంపు గింజలు. వరండాలో ఆడవాళ్లందరికీ నమస్కారం పెట్టి, గొంతు సవరించుకుని, "అమ్మా, ఇన్నాళ్లూ దాచిపెట్టిన మాట ఈ రోజు చెప్పేస్తున్నాను. గవ్వ పడినవాళ్లకు పెట్టినవి నిజమైన సూదులు" అన్నాడు.

"మాకు తెలుసయ్యా!" అన్నారు ఆడవాళ్లు ఒక్క గొంతుతో.

సోంపు నమలడం ఆగిపోయింది. ఆయన కెజియావైపు తిరిగాడు. కెజియా మార్పిడి సంగతి అంతా చెప్పింది. ఆయన విన్నాడు. ఒకచోట నవ్వాపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ల అనుభవం నాది. చేపల పోగుల దగ్గర బోల్తా పడ్డాం కదమ్మా" అన్నాడు. "సరే. పని చెడింది, అంతే కదా. మీ నాన్నగారి వైద్యం తప్పని ఎవరూ అనలేరిప్పుడు. మళ్లీ మొదలుపెడదాం. ఈసారి మార్చుకోకుండా జాగ్రత్తపడదాం. నువ్వు రాసిన మొదటి వాక్యం ఉండనే ఉంది. పేరమ్మగారి చెయ్యి. ఆ ఒక్కటి చాలు, మళ్లీ అనుమతి ఇస్తారు."

దారి తెరుచుకుని ఉంది. పెద్దాయనే తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. కెజియా చేయవలసిందల్లా తల ఊపడం. తలుపు చాటు మాట పేరమ్మ ఇన్నేళ్లు దాచింది, ఇంకా దాస్తుంది. నాయన ఫోటోలో అట్లాగే ఉంటాడు. గురువారాలు గురువారాల్లాగే ఉంటాయి.

సగం చెబితే చాలు.

ఇంతకుముందే ఒకసారి సగం తెలిసి, అదే అంతా అనుకున్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది. నీలం పూస ఇంకా గుప్పిట్లోనే ఉంది. గుండ్రటిదే అయినా ఎందుకో గుచ్చుకుంటోంది.

"ఆ వాక్యం కొట్టెయ్యాలి సార్" అంది కెజియా.

"ఎందుకు?"

"పేరమ్మత్తకు ఇక్కడ మీరెవరూ గుచ్చలేదు. అప్పుడు మా నాయనా గుచ్చలేదు. అయినా రెండుసార్లూ చెయ్యి లేచింది." ఆమె గుప్పిట విప్పి పూస చూపించింది. "ఈ గదికి పేరు తెచ్చిన వైద్యంలో సూది లేదు సార్."

ముసలి కామమ్మ దండం పెడుతున్నట్టు రెండు చేతులూ దగ్గరికి తెచ్చుకుంది. చంద్రమౌళి తెరిచిన తలుపులోంచి గోడమీది ఫోటోవైపు చూశాడు.

"నిజమేనా పేరమ్మగారూ?"

"నిజమేనయ్యా." పేరమ్మ కెజియా దగ్గరికొచ్చి ఆమె తలమీద చెయ్యి పెట్టింది. లేవకుండా ఉండి లేచిన ఆ చెయ్యే. "దాయొచ్చు. దాయలా. అంతా నాయన పోలికే. ఆయనా నిజం దాచి గుచ్చలేకనే గదా సూదుల పెట్టె మూసేసింది."

కెజియా తలెత్తింది. "పెట్టె మూసింది చేతులు వణికి గదా అత్తా."

"ఎవురు చెప్పినారు?"

"అమ్మ."

పేరమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. అదే కెజియాను కుదిపింది. చేతులు వణుకుతున్నాయని సూదులు మానేసిన ఆ ఏడాది... వసారాలో కుట్టుమిషను ముందు అమ్మ. కళ్లు ఆనక విసుక్కుంటూ "ఇదిగోండి, ఎక్కించండి" అని కుట్టుసూది చాపడం. నాయన దారం కొస నోటితో తడిపి, వెలుగుకేసి పెట్టి, ఒక్క ఊపులో ఎక్కించి ఇవ్వడం. ఎన్నిసార్లు చూసింది! ఎంత ముచ్చటగా గుర్తుపెట్టుకుంది! ఆ వేళ్లు ఎప్పుడైనా వణికాయా?

"నీకంటే ముందు ఈ పరీక్ష ఆయనే చేసినాడమ్మే" అంది పేరమ్మ. "నా చెయ్యి లేచిన కాణ్ణించి ఆయనకి నిద్ర లేదు. గురువారం గురువారం, కొందరికి గుచ్చి, కొందరికి ఉత్త గొట్టం ఆనించి చూసినాడు. ఏండ్ల తరబడి. నాకు తప్ప ఎవురికీ తెలవదు. జవాబు దొరికిందన్నాడు ఒక పొద్దు. ఏందయ్యా అంటే చెప్పలా. ఇంటికి పోయినాడు. మరునాడు పెట్టె మూసినాడు."

"ఏం దొరికింది? ఎవరికి చెప్పినాడు?"

గేటు దగ్గర ఆటో ఆగింది. రోజూ అన్నం క్యారియర్ తెచ్చే ఆటోనే. డ్రైవరు దిగలేదు. వెనకనుంచి తెల్లచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, క్యారియర్ ఇంకో చేత్తో పట్టుకుని, ఎలిశబెతు దిగింది. గేటు దాటింది. నాయన పోయినాక మొదటిసారి ఆ వరండా మెట్టుమీద కాలు పెట్టి ఆగింది. ఆమె చూపు కూతురిమీద పడలేదు, డాక్టరుమీద పడలేదు. ఆడవాళ్ల మధ్య నిలబడిన చేపల మనిషి మీద నిలిచింది.

"చెప్పేసినావా పేరమ్మా?"

"నా కాడుండే సగం చెప్పినా ఎలిశబెతమ్మా" అంది పేరమ్మ. "మిగతా సగం నీ కాడ ఉండాది."